పేరు కొట్టేయించిన వంక

మా ఊరి వంకకు నాలుగు పేర్లు. బేతంచెర్ల వైపు ఎరగనివాళ్ళ కోసం ముందే చెబుతున్నాను, వంక అంటే ఏరు కాదు, ఏటికి మనవడు కూడా కాదు. ఏడాది పొడుగునా అది ఇసుక, గులకరాళ్ళు, కంపచెట్లు. పైన గుట్టల్లో గట్టి వాన పడితే నాలుగైదు రోజులు నీళ్ళు. అందుకే మావాళ్ళు వంక పారింది అనరు, వంక వచ్చింది అంటారు, ఊరికి పోయిన మనిషి గురించి చెప్పినట్టు.

నాపరాళ్ళ గుట్టల్లో అది పుడుతుంది. అక్కడ రాయి పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి నీళ్ళు మెట్టు మెట్టుగా దిగుతాయి. అది మెట్లవంక. గుట్ట దిగి పెద్ద రైతుల చేలలోకి రాగానే తోటవంక అవుతుంది. ఒకప్పుడు అక్కడ చీనీతోట ఉండేదట, నేను ఎరిగేసరికి కందులూ ఆముదాలే. ఆ తర్వాత బేతంచెర్ల రోడ్డు, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ. మోరీ దాటితే మా పేట. మా పేట పక్కన వంక కుడివైపుకు ఒంగి, ఆ ఒంపులో చిన్న మడుగు కట్టి, ఇంకాస్త కిందికి పోయి బండ్లబాటను దాటుతుంది. అక్కడ్నుంచి దాని పేరు దాటువంక. ఆ కింద ఏ ఏట్లో కలుస్తుందో మాలో ఎవరూ చివరిదాకా పోయి చూడలేదు. కుందూలో కలుస్తుందని మా నాయన గట్టిగా చెప్పేవాడు. ఆయనా చూడలేదు.

నాలుగు పేర్లన్నాను, మూడే చెప్పాను. నాలుగోది మోరీకీ దాటుకూ నడుమ, మా ఇండ్ల పక్కన పారే ముక్కది. అర మైలుండదు. దానికి ఊరు పెట్టిన పేరు మా కులం పేరు. ముందు కులం, వెనక వంక. ఆ పేరు నేను ఈనాటికీ నోటితో అనను, ఇక్కడా రాయను.

ఊళ్ళో హైస్కూల్లో చేరిన ఏడు, ఒక వానపొద్దు నేను ఆలస్యంగా పోతే సారు ఎందుకని అడిగాడు. "వంక వచ్చింది సార్" అన్నాను. "ఏ వంక?" అన్నాడు. ఆయన పక్క జిల్లా మనిషి, పాపం, తెలియకనే అడిగాడు. క్లాసంతా నా నోటివైపు చూస్తోంది. "ఒట్టి వంక సార్" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది. తర్వాత నేను చదివిన చదువంతా, తెచ్చుకున్న ఉద్యోగమంతా ఆ నవ్వుకు జవాబు చెప్పడానికేనేమో అని ఒక్కోసారి నా మీద నాకే జాలేస్తుంది.

మా పేటవాళ్ళు మాత్రం ఆ ముక్కను యొర్దాను అనేవాళ్ళు, బైబిల్లో యేసు బాప్తిస్మం తీసుకున్న నది పేరు అది. మేము తాతల నాటినుంచి క్రైస్తవులం. మా గుడి నాపరాళ్ళతో కట్టినది, పైన రేకులు. మా సంఘంలో బాప్తిస్మం అంటే తలమీద నీళ్ళు చిలకరించడం కాదు, మనిషిని నిండా ముంచి లేపాలి. ముంచడానికి నీళ్ళేవి? మా పేటకు తాగడానికే నీళ్ళు లేవు. అందుకని బాప్తిస్మం ఎప్పుడన్నది పాస్టరయ్య చేతిలో ఉండేది కాదు, వంక చేతిలో ఉండేది. మనసు కుదుర్చుకున్నవాళ్ళు పేరిచ్చి, వంక కోసం కాచుకుని ఉండాలి. ఒక్కోసారి ఏడాది, ఒక్కోసారి మూడేండ్లు. అట్లా కాచుకున్నవాళ్ళను మేము గట్టుమీదోళ్ళు అనేవాళ్ళం. గుడిలో వాళ్ళు వెనక వరసలో కూర్చునేవాళ్ళు. ప్రభువు బల్ల జరిగే ఆదివారం రొట్టె, ద్రాక్షరసం గిన్నె అందరి ముందుకూ వచ్చి, వాళ్ళను దాటుకుని పోయేవి.

వంక వచ్చిన మొదటి రోజు ఎర్రగా పరుగు మీద ఉంటుంది, నిలబడలేం. రెండో రోజుకు ఊపు తగ్గుతుంది. మూడో రోజు ఒంపులోని మడుగులో నడుము లోతు నీళ్ళు. ఆ ఒక్క రోజే. మర్నాటికి మోకాలి లోతు. ఆ మూడో రోజు పేటంతా పనులు మానేసి ఒడ్డుకు చేరేది. అవతలి గట్టున ఊరి గొడ్లకాపర్లు నిలబడి, యొర్దానుకు పోతాండారప్పా అని ఎగతాళి చేసేవాళ్ళు. మావాళ్ళు పట్టించుకునేవాళ్ళు కాదు. పట్టించుకున్నది నేనొక్కణ్ణే.

మా అమ్మ పెండ్లికి ముందే ఆ మడుగులో దిగింది. వంక వచ్చినప్పుడల్లా నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, నీళ్ళలో మునిగి ఉన్న పలక రాయి చోటు చూపించేది. "ఈడ్నే నిలబడినా. కాళ్ళ కింద రాయి జారతాండె" అని ప్రతిసారీ అదే మాట.

మా నాయన మాత్రం ముప్పై ఏండ్లకు పైగా గట్టుమీదే ఉండిపోయాడు. నాపరాళ్ళ క్వారీలో పని. సమ్మెట, ఉలి, పొద్దుగూకే సరికి సారా. తాగే నోటితో ఆ నీళ్ళలో దిగనని ఆయన పట్టుదల. తాగుడు మానేస్తానని పేరిచ్చేవాడు. రెండు నెలలు మానేసేవాడు. ఆ రెండు నెలలూ వంక వచ్చేది కాదు. వంక వచ్చే నాటికి మళ్ళీ మొదలుపెట్టి ఉండేవాడు. "మీ నాయనా వంకా మాట్లాడుకున్యారు, ఒకరొచ్చినప్పుడు ఇంకొకరు రాగూడదని" అని అమ్మ నవ్వేది. రానురాను ఆ మాట అంటూ నవ్వడం మానేసింది.

అమ్మకు కడుపులో గడ్డ లేచింది. కర్నూలు పెద్దాసుపత్రిలో ఇరవై రోజులుండి ఇంటికొచ్చేశాం. చివరి వారంలో ఆమె నాయనను అడిగింది ఒక్కటే, తాను దిగిన చోట దిగమని. ఆయన సరేనన్నాడు. ఆమెను పూడ్చిన రోజునుంచి మళ్ళీ సారా ముట్టుకోలేదు. ఇంతకాలం మానలేనివాడు ఒక్క మాటతో ఎట్లా మానేశాడో, ఆ పని ఆమె బతికుండగా ఎందుకు చేయలేదో అడగాలని నాకు కోపంగా ఉండేది. అడగలేదు. ఆయన ముఖం చూస్తే ఆ ప్రశ్న ఆయనే రోజూ వేసుకుంటున్నట్టు కనబడేది.

ఈసారి మనిషి సిద్ధం, వంకే రాలేదు. ఒక ఏడు చినుకే లేదు. తర్వాతి ఏడు ఒక్క పూట వచ్చి, పాస్టరయ్య వచ్చేలోపు ఇంకిపోయింది. ఈ పాస్టరయ్య కమలాపురం వైపు మనిషి, చిన్నవాడు, పనులు చక్కబెట్టే రకం. ఇట్లా కాదని గుడి పక్కన బోరు వేయించి, సిమెంటు తొట్టి కట్టించాడు. గట్టుమీదోళ్ళంతా ఒకే ఆదివారం తొట్టిలో దిగిపోయారు. మా నాయన ఒక్కడు మిగిలాడు.

"నీళ్ళు ఏవైనా ఒకటే పెద్దాయనా" అన్నాడు పాస్టరయ్య.

"మీకు ఒకటే అయ్యగారూ. నేను ఆయమ్మకు మాటిచ్చినా" అన్నాడు నాయన.

భూముల రీసర్వే మా ఊరికి వచ్చింది అప్పుడే. నేను పత్తికొండలో టీచరుగా ఉన్నాను, ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చాను. మూడు కాళ్ళ మిషన్లు పెట్టి చేలన్నీ కొలిచారు, హద్దురాళ్ళు నాటారు. చివరికి ఒక ఉదయం గ్రామ సచివాలయం ముందు షామియానా వేసి, పాత రికార్డులో ఉన్న పేర్లు మైకులో చదివి, ఇవే ఉంచాలా, మార్పులేమైనా ఉన్నాయా అని అడుగుతున్నారు. కుంటలు, బాటలు, దిబ్బలు అన్నీ అయ్యాయి. సర్వేయరు కుర్రవాడు వంకల దగ్గరికొచ్చాడు. మెట్లవంక, తోటవంక అని చదివి, ఏ తడబాటూ లేకుండా మా ముక్క పేరు కూడా చదివాడు. మైకులో ఆ మాట ఊరంతా వినబడింది.

నేను లేచాను. మాకు టీచర్లకు ఒక రోగముంది, తప్పు కనబడితే చేతిలో ఎర్రపెన్ను లేకపోయినా దిద్దేస్తాం. "ఆ పేరు కొట్టేయండి" అన్నాను.

ముందు వరసలో కూర్చున్న పెద్ద రైతు వెనక్కి తిరిగాడు. చెడ్డవాడేం కాదు, అమ్మ పోయినప్పుడు ట్రాక్టరు పంపాడు. "పేరులో ఏముందప్పా అయివారూ, తాతల కాలం నుంచి ఉండేదే గదా" అన్నాడు.

"మీ ఇంటి ముందు బాటకు ఆ పేరు పెట్టుకోండి, ఏమీ లేదు కదా" అన్నాను.

సర్వేయరు బెదిరిపోయాడు. మరి ఏం రాయమంటారు సార్ అన్నాడు. యొర్దాను అని రాయమన్నాను. అటువైపునుంచి ఎవరో నవ్వారు. ఊరి వంకకు గుడి పేరేమిటని ఇంకొకరు లేచారు. పోనీ తోటవంకనే దాటుదాకా పొడిగించి రాద్దామా అని సర్వేయరు అడిగాడు. దానికి పెద్ద రైతు ఒప్పుకోలేదు. తోటవంక వాళ్ళది, అది మోరీ దగ్గరే ఆగాలి. వాళ్ళ పేరు మా ఇండ్ల పక్కన పారకూడదు. అరగంట గొడవ. ఎండ ఎక్కుతోంది. చివరికి సర్వేయరు చెమట తుడుచుకుని, "ప్రస్తుతానికి పేరు తీసేసి ఖాళీగా ఉంచుతాను సార్, మీలో మీరు అనుకుని చెప్పండి" అన్నాడు. కాగితం మీద ఆ పేరును అడ్డంగా కొట్టేయడం నేను దగ్గర నిలబడి చూశాను.

ఆరోజు నేను నడిచి రాలేదు, గాలిలో వచ్చాను. నలభై ఏండ్ల కిందటి క్లాసురూము మొత్తానికీ బదులిచ్చినట్టుంది. నాయన అరుగుమీద కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పాను, రెండు మూడుసార్లు చెప్పాను. ఆయన అంతా విని, "మల్ల ఏం రాసుకున్యారు?" అన్నాడు.

"ఏమీ రాయలేదు నాయనా. కొట్టేసి ఖాళీగా పెట్టినారు. ఆ పేరు పోయిందిలే, అదే మేలు."

ఆయన ఏదో అనబోయి, దగ్గొచ్చి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గు తగ్గాక, అన్నం తిందాం పా అన్నాడు.

సెలవులైపోయాయి, పత్తికొండకు వెళ్ళిపోయాను. మీలో మీరు అనుకుని చెప్పండి అన్న మాటను నేను మళ్ళీ తలుచుకోలేదు. ఎవరితో అనుకోవాలి? గెలిచినవాణ్ణి కదా.

ఏడాది తిరిగేసరికి ట్రాక్టర్లు రావడం మొదలైంది. రోడ్డుకవతల ఒక పాలిష్ ఫ్యాక్టరీ పెట్టారు. నాపరాయిని కోసి సాన పట్టేటప్పుడు తెల్లటి బురద వస్తుంది, ముక్కలు మిగులుతాయి. అదంతా తెచ్చి మోరీ కింద, మా ఒంపులో పోస్తున్నారు. పేటవాళ్ళు అడ్డం పడితే డ్రైవర్లు కాగితం చూపించారట. నాకు ఫోనొచ్చింది. సెలవు పెట్టి మండలాఫీసుకు పోయాను.

ఆఫీసులో ఉన్నామె ఓపిక గల మనిషి. కంప్యూటరు నావైపు తిప్పి చూపించింది. మెట్లవంక ఉంది. తోటవంక మోరీ దాకా ఉంది. దాటువంక దాటు నుంచి కిందికి ఉంది. నడుమ ఏమీ లేదు.

"నడుమ నీళ్ళు ఎగురుకుంటూ పోతాయా అమ్మా?" అన్నాను.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "ఈ ముక్కకు పేరు రాయకుండా ఖాళీగా వదిలేసినారు సార్. ఖాళీగా ఉండేవన్నీ తర్వాత బంజరు కింద ఎక్కించినారు. అభ్యంతరాలుంటే చెప్పమని గడువిస్తే మీ ఊర్నుంచి ఎవరూ రాలేదు. బంజరు కాబట్టి చెత్త పోసుకోవడానికి వాళ్ళకిచ్చినారు."

పాత రికార్డు చూడమన్నాను. చూసింది. అందులో మా ముక్క వంకగానే ఉంది, ఆ పేరుతోనే ఉంది. పేరు మీద గీత. పక్కన చిన్న అక్షరాలతో, గ్రామస్తుని కోరిక మేరకు తొలగించడమైనది అని రాసి ఉంది. ఆమె ఆ గీతను వేలితో చూపించి, "ఈ పేరన్నా ఉండుంటే వంక కిందే ఉండేది సార్. వంకలో ఎవరికీ ఇయ్యరు" అంది.

ఆ గ్రామస్తుణ్ణి నేనేనని చెప్పలేకపోయాను. ఆమె చెప్పినట్టు అర్జీ రాసిచ్చాను. మళ్ళీ కొలవాలి, రెండు మూడు ఆఫీసుల సంతకాలు కావాలి, టైం పడుతుంది అంది. పత్తికొండకు బస్సులో తిరిగొస్తూ దారిపొడుగునా ఎవర్ని తిట్టాలా అని వెతికాను. సర్వేయర్ని, పెద్ద రైతును, ఫ్యాక్టరీవాణ్ణి. తిట్లు సరిపోయినన్ని వచ్చాయి. డోన్ దాటాక ఎవరూ మిగల్లేదు, నేను తప్ప.

ఆలోగా నాయన ఊపిరితిత్తులు పాడైపోయాయి. క్వారీ దుమ్మంతా లోపల పేరుకుందని డాక్టరు ఫిల్ము చూపించి చెప్పాడు. నాలుగడుగులు వేస్తే కూర్చునేవాడు. నేను పత్తికొండకు తీసుకుపోతానంటే, వానకాలం పోనీ అన్నాడు.

ఆ ఏడు వంక వచ్చింది. మూడేండ్లుగా సరిగా రానిది, గుట్టల్లో రెండు రోజులు ఎడతెగని వాన కురిసి వచ్చింది. ఫోను చేసి నాయనే చెప్పాడు, ఆయాసపడుతూ, "వంకొచ్చినాది, రేపు మూడోనాడు, నువ్వు రావల్ల" అని. ఒంపు ఎట్లా ఉందో ఆయనకు తెలియదనే అనుకున్నాను. కొన్ని నెలలుగా ఆయన అరుగు దిగలేదు, ట్రాక్టర్ల సంగతి పేటవాళ్ళెవరూ ఆయన ముందు ఎత్తలేదు. నేనే ఎత్తొద్దని చెప్పాను.

మర్నాడు పొద్దున్నే తెల్లపంచె కట్టుకుని తయారై కూర్చున్నాడు. ఆపడానికి నాకు నోరు రాలేదు. నేనొకవైపు, పాస్టరయ్య ఒకవైపు పట్టుకుని నడిపించాం. మోరీ అవతల తోటవంక నిండా నీళ్ళు, గట్లు తాకుతున్నాయి. ఇవతలికి రాలేక రోడ్డు పక్క కాలవలోకి మళ్ళిపోతున్నాయి. ఇవతల, మా ఒంపులో, మనిషెత్తు రాళ్ళ కుప్పలు. వాటి సందుల్లోంచి కారిన కాసిన్ని నీళ్ళు బురదతో కలిసి సున్నంలాగా తెల్లగా పేరుకున్నాయి. మడుగు యాడో, పలక రాయి యాడో గుర్తుపట్టడానికి లేదు.

పాస్టరయ్య మెల్లగా, "మోరీ పైన నీళ్ళున్నాయి కదా పెద్దాయనా, ఆ రైతులను అడుగుదామా?" అన్నాడు. నాయన తల అడ్డంగా ఊపాడు. ట్రాక్టరు ఒకటి వస్తే దారి ఇచ్చి పక్కకు జరిగాం. తర్వాత ఆయనే ఇంటివైపు తిరిగాడు.

ఇంటికొచ్చాక నేను అనలేక అనలేక, తొట్టిలోనైనా దిగు నాయనా అన్నాను. పోట్లాడతాడనుకున్నాను. అమ్మకిచ్చిన మాట ఎత్తుతాడనుకున్నాను. "సరేలే, ఆదివారం దిగుతా" అన్నాడు. అంత సులభంగా ఒప్పుకుంటే నాకు భయం వేసింది.

ఆదివారం తొట్టిలో బోరునీళ్ళు నింపారు. సంఘమంతా చుట్టూ నిలబడింది. పాస్టరయ్య ఆయన వీపు కింద చెయ్యి వేసి ముంచి, చటుక్కున లేపాడు. నాయన దగ్గుతూ లేచాడు. అందరూ పాట అందుకున్నారు. వణుకుతున్న మనిషిని గుడి వెనక ఎండలో బెంచీమీద కూర్చోబెట్టి నేను తల తుడవసాగాను. వెంట్రుకలు పలచబడి తల చిన్నపిల్లవాడి తలలాగా ఉంది. ఇంక నావల్ల కాలేదు.

"నాయనా, ఆ పేరు నేను కొట్టేయించబట్టే వంక పోయింది. ఆఫీసులో చూసినా. అది ఉండుంటే నువ్వు అమ్మ దిగిన చోటే దిగేవాడివి. నేనే చేసినా" అన్నాను.

ఆయన నా చేతిలోని తువ్వాలు తీసుకుని ముఖం తుడుచుకున్నాడు. "ఎరికే" అన్నాడు.

"ఎవరు చెప్పినారు?"

"ఎవురు చెప్పల్ల? క్వారీలో అంతకాలం చేస్తి. పేరు లేని జాగా యాడుందో చూసి ఆడ్నే గదా మేము చెత్త పోసేది. ఎవురిదని అడిగేవాళ్ళుండరు. నువ్వొచ్చి ఖాళీగా పెట్టినారని చెప్పిన పొద్దే అనుకున్యా, ఇంక ఇది ఉండదని."

"ఆ పొద్దే తెలుసా? తెల్లారి పోయి రాయించుకుందుము కదా నాయనా. ఎందుకు చెప్పలేదు నాకు?"

ఆయన తువ్వాలు మడత పెట్టి మోకాళ్ళమీద పెట్టుకున్నాడు. నావైపు చూడకుండా చెప్పాడు.

"నువ్వు శానా సంతోషంగా ఇంటికొస్తివి రా ఆ పొద్దు. అంత సంతోషంగా నిన్ను నేను యాపొద్దూ సూడలే."